మార్గో కోసం వాఫిళ్లు

మొదటి వాఫిల్ మిషన్‌కి అతుక్కుపోయింది. రెండోది తీస్తుంటే రెండు ముక్కలైంది. మూడోది మాత్రం బంగారు రంగులో, గళ్లు గళ్లుగా, ఎక్కడా విరగకుండా వచ్చింది. హాటీ హమ్మయ్య అనుకుంది.

"ఇంకెంతసేపమ్మా హాటీ? ఇక్కడ ఆకలికి ప్రాణం పోతోంది!" భోజనాల గదిలోంచి రస్సెల్ అరిచాడు.

రస్సెల్ మార్గో వాళ్ల నాన్న. మూడు నెలల కిందట హాటీ వాళ్లమ్మను పెళ్లి చేసుకుని, కూతురితో సహా ఈ ఇంటికి వచ్చేశాడు.

"అయిపోవచ్చింది! వంటింట్లోకి ఎవరూ రాకండి. సర్‌ప్రైజ్!"

హాటీకి పదేళ్లు, మార్గోకి పదకొండు. మార్గోకి గోధుమలు పడవు. రవ్వంత పిండి లోపలికి పోయినా చాలు, మూడు రోజులు మంచం దిగలేదు. అందుకే తనో, వాళ్ల నాన్నో వండింది తప్ప ఎవరు ఏం పెట్టినా ముట్టదు. స్కూల్లో పుట్టినరోజు కేకు పంచుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. అలాంటి పిల్ల నిన్న సాయంత్రం, "సరేలే, రేపు నువ్వు చేస్తే తింటా" అనేసింది. హాటీ పొంగిపోయింది. కాసేపటికి భయం పట్టుకుంది.

ఆ భయంతోనే పొద్దున్నుంచీ జాగ్రత్తగా చేస్తోంది. మార్గో కోసం అమ్మ కొన్న కొత్త మిషన్ తీసింది. గిన్నెను మూడుసార్లు కడిగింది. బియ్యప్పిండి ప్యాకెట్ మీద ఉన్నదంతా రెండుసార్లు చదివి, పంచదార వేసి పిండి కలిపింది. పెరట్లో కోసిన నిమ్మకాయల రసం, కండెన్స్‌డ్ మిల్కు కలిపి, అచ్చం లైమ్ పై అనే నిమ్మకాయ తీపి వంటకంలో ఉండేలాంటి క్రీము చేసింది. రుచి చూసింది. ఏదో తక్కువైంది. పళ్ల కింద బిస్కెట్ పొడి కరకరలాడకపోతే అది లైమ్ పై ఎలా అవుతుంది? అలమరలోంచి బిస్కెట్ల పెట్టె తీసి, నాలుగు బిస్కెట్లు నలిపి, క్రీములో కలిపేసింది.

ప్లేట్లు బల్ల మీదికి వచ్చాయి.

"అబ్బో! హోటల్లో కూడా ఇంత అందంగా పెట్టరు" అంది అమ్మ.

మార్గో వాసన చూసింది. "నిజంగా తినెయ్యనా?"

"తిను తిను!" అంటూ హాటీ గ్లాసుల కోసం వంటింట్లోకి పరుగెత్తింది. గట్టు మీద బిస్కెట్ల పెట్టె పక్కకి ఒరిగి ఉంది. దాని మీద మొదటి మాటే గోధుమపిండి.

హాటీ ఒక్క ఉరుకున వెనక్కి వచ్చేసరికి మార్గో చేతిలో ఫోర్కు, ఫోర్కుకి ముక్క.

"ఆగు!"

అందరూ తలెత్తారు. నిజం చెబితే మార్గో ఇంకెప్పుడూ తన చేతి వంట తినదని హాటీకి అనిపించింది.

"అందులో... ఉప్పు ఎక్కువైంది" అంటూ ప్లేటు లాగేసుకుంది.

"ఉప్పా? నాది భలేగా ఉందే!" అన్నాడు రస్సెల్ వేళ్లు నాకుతూ.

"పోనీ ఇంకోటి ఉందిగా" అని అమ్మ వేరే ప్లేటులో వాఫిల్ పెట్టి, దాని మీద పెద్ద చెంచాడు క్రీము వేసింది. "ఇదిగో మార్గో."

హాటీ ఒక ప్లేటంటే లాక్కుంది. ఇంకా ఎన్ని లాక్కోగలదు?

"తినకు మార్గో! ఉప్పు కాదు, అబద్ధం చెప్పాను. క్రీములో బిస్కెట్లు కలిపాను. గోధుమ బిస్కెట్లు. ఇప్పుడే చూశాను" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసి, బావురుమంది.

రస్సెల్ దిగ్గున లేచాడు. "నోట్లో పెట్టావా తల్లీ?"

"లేదు నాన్నా."

"మరి ఉప్పని ఎందుకు చెప్పావే?" అమ్మ గొంతు పెంచింది.

మార్గో లేచి వంటింట్లోకి వెళ్లి చేతులు కడుక్కుంది. కాసేపాగి హాటీ వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది. మార్గో గట్టు మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటే చూస్తోంది.

"పంచదార ఎందులోంచి తీశావు?"

"ఆ డబ్బాలోంచే. పంచదారలో గోధుమలుండవుగా?"

మార్గో మూత తీసి చూపించింది. లోపలున్న చెంచా పిడికి తెల్లగా పిండి అంటుకుని ఉంది. "మీ అమ్మ మైదా కూడా దీంతోనే తీస్తుంది."

హాటీ చెంచా తీసి చూసింది. అంటే బిస్కెట్లు కలపకపోయినా ఆ వాఫిళ్లు మార్గోకి పనికిరావు! పొద్దున్నుంచీ ఎంత జాగ్రత్తపడిందో!

"నన్ను ఒక్క మాట అడగొచ్చుగా?"

"సర్‌ప్రైజ్ ఇద్దామని..."

"నాకు గోధుమలే కాదు, సర్‌ప్రైజులు కూడా పడవు" అంది మార్గో. నవ్వలేదు. కానీ అక్కణ్ణుంచి వెళ్లిపోనూ లేదు.

హాటీ మొహం తుడుచుకుంది. మిగిలిన పిండి, క్రీము పారబోసింది. మిషన్ పళ్లేలు ఊడదీసి వేడినీళ్లతో రుద్దింది. కొత్త పంచదార ప్యాకెట్ తీసి, చించబోయి ఆగింది.

"ఇది?"

మార్గో చదివింది. "ఊఁ."

"గిన్నె?"

"మళ్లీ కడుగు."

మూడుసార్లు కడిగానని హాటీ అనలేదు. కడిగింది.

గంట తర్వాత మార్గో ముందు కొత్త ప్లేటు పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఈసారి తిను తిను అనలేదు. మార్గో చాలాసేపు ఆ వాఫిల్ వంకే చూసింది. చివరికి ఓ మూల కోసి నోట్లో పెట్టుకుంది.

"బాబోయ్, పులుపు చంపేస్తోంది!"

హాటీ గబుక్కున లేచి తేనె సీసా తెచ్చింది. మూత తియ్యలేదు. దాని మీద రాసింది కనబడేలా మార్గో వైపు తిప్పి పట్టుకుంది.

మార్గో చివరిదాకా చదివి, ప్లేటు ముందుకు జరిపింది.