నారే ఎడమ పక్కన

"నేను వెళ్ళను," అంది నారే.

క్లాసంతా విహారయాత్రకి వచ్చిన బొమ్మల మ్యూజియంలో, మూడో హాలు నేల మీద పెద్ద లోయ ఉంది. లోయకి అడ్డంగా సన్నటి చెక్క పలక. ఎక్కడో అడుగున దారంలా ఒక ఏరు. నిజానికి అక్కడ లోయా లేదు, పలకా లేదు, ఏరూ లేదు. అంతా నేల మీద వేసిన రంగే. ఆ రంగు చెడిపోతుందనే పిల్లలందరి చేతా బూట్లు గుమ్మంలోనే విప్పించారు.

"ఏంటే, దీనికి కూడా భయమేనా?" సోల్బి లోయ నడిమధ్యకి వెళ్ళి, పసుపు మేజోళ్ళతో ధబధబా గెంతింది. "చూడు. నేల. ఉత్త నేల."

"నాకు లోతుగా కనిపిస్తోంది."

"కనిపించాలనే కదా గీశారు."

వాళ్ళ జట్టులో మూడోవాడు రావోన్. పలక మొదట్లో పాదాల గుర్తు అంటించిన చోట ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. "తొందరగా కానివ్వండి. వెనకాల వరుస పెరిగిపోతోంది," అని విసుక్కున్నాడు.

ఈ ఫోటో మీద సోల్బి చాలా ఆశలు పెట్టుకుంది. పొద్దున వాళ్ళ ఊరు పుసాన్‌లో బస్సు ఎక్కగానే క్లాసు టీచర్ నామ్ సార్ పందెం పెట్టారు. ముగ్గురేసి ఒక జట్టు. జట్టుకి ఒక్క ఫోటో. దాన్ని క్లాసు గ్రూపులో పెట్టాలి. రాత్రి ఎనిమిదిలోపు ఎవరి ఫోటోకి ఎక్కువ హార్ట్‌లు వస్తే, ఆ జట్టు వచ్చే నెలంతా నచ్చిన చోట కూర్చోవచ్చు. ఈ నెల చీటీల్లో సోల్బికి తలుపు దగ్గర సీటు వచ్చింది, నారేకి ఆ చివర కిటికీ దగ్గర. ఇద్దరూ పక్కపక్కన కూర్చోక అప్పుడే మూడు వారాలయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. నారేకి ఎడమ కన్ను కనపడదు. మూడేళ్ళప్పుడు జబ్బు చేసి ఆ కంటి చూపు పోయింది. పైకి చూస్తే రెండు కళ్ళూ ఒకేలా ఉంటాయి. పిల్లల్లో ఈ మాట తెలిసింది సోల్బి ఒక్కదానికే. ఎవరికీ చెప్పనని చిటికెన వేళ్ళు ముడివేసి, బొటనవేళ్ళతో ముద్ర కూడా వేసుకున్నారు. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళినా సోల్బి నడిచేది నారేకి ఎడమ పక్కనే. అటు నుంచి ఎవరైనా పరుగెత్తుకొస్తే నారేకి తెలియదు కదా మరి.

"మనం పక్కపక్కన కూర్చోవాలా వద్దా?" అంది సోల్బి.

నారే లోయ వంక చూసింది. "నువ్వు చెయ్యి పట్టుకుంటావా?"

"పట్టుకుంటా."

"చివరిదాకా?"

"అబ్బా, పట్టుకుంటానన్నాను కదే."

నారే పలక మీద అడుగు పెట్టింది. ఎడమ చేతిని సోల్బి పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా చల్లగా ఉంది. ఒకటి, రెండు, మూడు అడుగులు పడ్డాయి.

"సోల్బీ, నువ్వు ఫోటోలో పడుతున్నావు," అని కేకేశాడు రావోన్. "లోయలో మనిషి నిలబడితే ఇంక అది లోయేంటి? పక్కకి జరుగు."

సోల్బి చెయ్యి వదిలేసింది. ఒక్క క్షణమే కదా అనుకుంది. నారేకి చెప్పను కూడా చెప్పలేదు. రెండంగల్లో ఫోటోలో పడనంత దూరం జరిగిపోయింది.

నారే మోకాళ్ళ మీద కూలబడింది. కుడి చేత్తో నేలని గట్టిగా పట్టుకుంది. మెడ మొత్తం వెనక్కి తిప్పి, ఎడమ చేత్తో గాలిలో తడుముకుంది. నోరు తెరుచుకుంది.

"అదిరింది," అన్నాడు రావోన్. ఫోన్ క్లిక్‌మంది.

వరుసలో నిలబడ్డ పిల్లలు ఒకటే నవ్వు. "కప్పలా ఉంది చూడండి," అని ఎవరో అన్నారు. అబద్ధమెందుకు, సోల్బి కూడా నవ్వింది. ఆ ఫోటో నిజంగానే అంత బాగా వచ్చింది. వెయ్యడుగుల లోయ మీద ఒంటరిగా వేలాడుతున్న పిల్లలా ఉంది నారే. రావోన్ ఫోన్ లాక్కుని, 'ఐదో తరగతి ధీరవనిత' అని రాసి, క్లాసు గ్రూపులో పెట్టింది కూడా సోల్బే.

నారే పాక్కుంటూ వెనక్కి వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా గుమ్మం దగ్గరికి వెళ్ళి, బూట్ల అరల పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం అందరూ బయట గడ్డి మీద డబ్బాలు తెరిచారు. సోల్బి వాళ్ళమ్మ తెల్లారుజామునే లేచి, సముద్రపు నాచు రేకుల్లో అన్నం పెట్టి కింబాప్ చుట్టింది. నారేకి ఇష్టమని గుడ్డు ఎక్కువ పెట్టింది. సోల్బి డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది.

"తిందాం రా."

"ఆకలి లేదు."

"ఇప్పటికే పదకొండు హార్ట్‌లు వచ్చాయే. మనమే గెలుస్తాం."

నారే ఆమె వైపు తిరగలేదు. "నీ చెయ్యి కోసం వెతికాను," అంది నెమ్మదిగా. "పడిపోతాననుకున్నాను."

"ఎక్కడికి పడతావు? అది నేల కదా."

నారే బూట్ల అరల వైపు తిరిగి కూర్చుంది. సోల్బికి కోపం వచ్చింది. ఇంత చిన్నదానికి అంత అలకేంటి? తను చేసిందంతా ఎవరి కోసమట? విసవిసా మూడో హాల్లోకి నడిచింది.

హాలు ఖాళీగా ఉంది. ఒక పెద్దావిడ లోయ అంచున బాసింపట్టు వేసుకుని కూర్చుని, పిల్లల కాళ్ళకి అరిగిపోయిన రాళ్ళకి సన్నటి కుంచెతో మళ్ళీ రంగు వేస్తోంది. సోల్బిని చూసి కుంచె ఆపింది.

"ఇందాక ఆ పిల్ల చెయ్యి వదిలేసింది నువ్వే కదూ?"

సోల్బి చెవులు వేడెక్కాయి. "ఇదంతా రంగే కదా పిన్నీ. అదే ఊరికే భయపడింది."

"ఊరికేనా? ఆ పాదాల గుర్తు మీద నిలబడు. ఒక కన్ను మూసుకుని చూడు."

"ఎందుకు?"

"రెండు కళ్ళతో చూస్తే నా మోసం దొరికిపోతుంది. ఒంటి కంటికి దొరకదు. ఫోన్‌కి ఉన్నది ఒక్క కన్నే కదా, అందుకే ఫోటోలో లోయ అంత బాగా వస్తుంది. చూడమ్మా."

సోల్బి గుర్తు మీద నిలబడింది. ఎడమ కంటిని అరచేత్తో మూసుకుంది.

మొదట ఏమీ మారలేదు. తర్వాత నేల మెల్లగా కిందికి దిగిపోయింది. రాళ్ళు ముందుకి పొడుచుకొచ్చాయి. ఏరు ఎక్కడో పాతాళంలోకి పోయింది. అక్కడ ఉన్నది పలక ఒక్కటే, అదీ జానెడు వెడల్పు. పొద్దున ఇదే చోట గెంతానని సోల్బికి తెలుసు. అయినా ఒక్క అడుగే వెయ్యగలిగింది. రెండో అడుగు పడలేదు. మోకాళ్ళ మీద కూలబడింది. తెలియకుండానే రెండో చెయ్యి గాలిలోకి లేచి పక్కన తడుముకుంది. పట్టుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

కన్ను తెరవగానే లోయ పోయి నేల వచ్చింది. నారేకి అలా తెరవడానికి రెండో కన్ను లేదు. రెండేళ్ళుగా తెలిసిన సంగతే. అందులో ఏముందో సోల్బికి ఇప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది.

పరుగున వెళ్ళి రావోన్ జబ్బ పట్టుకుంది. "ఆ ఫోటో తీసెయ్."

"పిచ్చా నీకు? గెలుస్తున్నాం. అయినా పెట్టింది నువ్వేగా. నేను తీసేస్తే మాత్రం ఏం లాభం? అందరూ దాచేసుకున్నారు."

నిజమే. అయినా సోల్బి అతని ఫోన్ లాక్కుని గ్రూపులోంచి తీసేసింది. నిమిషం తిరక్కుండానే ఇంకెవరో మళ్ళీ పెట్టారు. ఈసారి నారే తల మీద ఆకుపచ్చ కిరీటం కూడా గీశారు.

సాయంత్రం బస్సులో వెనక సీట్లలోంచి కప్ప అరుపులు మొదలయ్యాయి. నామ్ సార్ లేచి అందరినీ గదమాయించారు. "నారే, నిన్ను ఏడిపిస్తున్నారా?" అని అడిగారు.

"లేదు సార్. సరదాకి చేశాం," అంది నారే. వేరే ఏం చెప్పినా, ఎందుకంత భయపడ్డావని అడుగుతారు. ఆయన కూర్చోగానే వెనక మళ్ళీ బెకబెకలు.

సోల్బి లేచి నిలబడింది. ఒక్క మాట చెబితే చాలు, అందరి నోళ్ళూ మూతపడతాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "దానికి..." అంది.

నారే మెడ పూర్తిగా తిప్పి ఆమె వైపు చూసింది. ఆ మొహంలో కోపం లేదు. పొద్దున ఫోటోలో ఉన్న భయమే ఉంది.

"...దానికేమైంది, నేను కూడా కూలబడ్డాను," అంది సోల్బి. "ఇందాక ఒక్కదాన్నే వెళ్ళి చూశాను. రెండడుగులు కూడా వెయ్యలేకపోయాను. కావాలంటే ఆ రంగులు వేసే పిన్నిని అడగండి."

"రెండో కప్ప," అన్నాడు రావోన్. ఇక ఇంటికి చేరేదాకా సోల్బి పేరు అదే అయింది. నారే మాత్రం కిటికీ వైపు తిరిగిపోయింది. దిగేటప్పుడు కూడా పలకరించలేదు.

సోమవారం నామ్ సార్ లెక్క చెప్పారు. సోల్బి తీసేసేలోపే ఆ ఫోటోకి పంతొమ్మిది హార్ట్‌లు వచ్చాయట. దాన్ని ఏ ఫోటో దాటలేదు. "ముందు నారే చెప్పు. నీకు ఎక్కడ కావాలి?"

సోల్బి ఊపిరి బిగబట్టింది.

నారే లేచి, ఎడమ చివర వరుసలో గోడకి ఆనుకుని ఉన్న సీటు చూపించింది. "అక్కడ సార్. గోడ పక్కన."

"మరి పక్కన ఎవరు?"

"ఎవరైనా సరే."

ఎడమ పక్కన గోడ ఉంటే అటు నుంచి ఎవరూ వచ్చి గుద్దుకోరు. గోడ చెప్పకుండా జరిగిపోదు కూడా. క్లాసులో ఈ సంగతి అర్థమైంది సోల్బి ఒక్కదానికే. ఆమె వంతు వచ్చినప్పుడు పాత సీటే చాలంది.

మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు. పిల్లలంతా మెట్ల మీదికి ఎగబడ్డారు. నారే కుడి చేత్తో కమ్మీ పట్టుకుని ఒక్కతే దిగుతోంది. పై నుంచి ఆరో తరగతి వాళ్ళు రెండేసి మెట్లు గెంతుకుంటూ వస్తున్నారు.

సోల్బి గబగబా దిగి నారేకి ఎడమ పక్కకి చేరింది. పిలవలేదు. చెయ్యి తగలనివ్వలేదు. ఒకడి మోచెయ్యి వచ్చి సోల్బి భుజానికి గట్టిగా తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని పక్కకి జరగలేదు.

నారే తల తిప్పలేదు. అటు వైపు ఎవరున్నారో ఆమెకి కనపడదు. సోల్బి ఆమెతో సమానంగా ఒక్కొక్క మెట్టే దిగుతూ చివరిదాకా వెళ్ళింది.