ఆఖరి స్లైడ్ తర్వాత గ్రూప్ ఫోటో

లీవ్ సాంక్షన్ అయింది!

సరోజినీ నగర్ మార్కెట్‌లో స్వెటర్ బేరమాడుతూ ఆ మెసేజ్ చూసుకుంది భానుశ్రీ. పెళ్లయి నెల తిరగలేదు. అక్కడే గంతులేయాలనిపించి, వెంటనే భర్తకు ఫోన్ చేసింది.

"భానూ, ప్రెజెంటేషన్‌లో ఉన్నా!" నాని గొంతు తగ్గించాడు. "డిస్టర్బ్ చేయొద్దని డీఎన్‌డీ పెట్టినా నీ కాల్ మోగుతుంది. ఫోన్ టీవీకి కలిపి ఉంది. స్లైడ్ మాయమై టీవీ నిండా నీ మొహమే. ఆఫీసంతా నవ్వుతోంది."

"మోగేలా సెట్టింగ్ పెట్టింది నేనేగా! జైపూర్ వెళ్తున్నాం."

నవ్వుతూనే ఫోన్ పెట్టేసింది. వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఇక్కడ గోంగూర దొరుకుతుందా?"

బట్టల మార్కెట్‌లో గోంగూర! అది కోడ్‌వర్డ్. గిర్రున తిరిగింది. కనకయ్య. ముఖర్జీ నగర్‌లో మెస్ నడుపుతూ, కుర్రాళ్లకు అన్నం పెడుతూ, భానుశ్రీ పనిచేసే ఇంటెలిజెన్స్ బ్యూరోకు కబుర్లు మోసే మనిషి. చొక్కా మీద నెత్తురు పాకుతోంది. తుపాకీ చప్పుడే వినబడలేదు.

"ఆఖరి స్లైడ్‌లో... ఒక శబ్దం పెట్టారు. అది వింటే బాంబు..."

ఆమె చేతుల్లోనే ప్రాణం పోయింది. స్వెటర్ తడిసిపోయింది.

చీఫ్ అన్నపూర్ణేశ్వరి కారులో బ్రీఫింగ్ ఇచ్చింది.

"లీవ్ క్యాన్సిల్. టార్గెట్ నోయిడాలో ఒక మీటింగ్ అని భావన చెబుతోంది. ఫోర్స్ అటు వెళ్లింది."

విదేశీ ముఠాలో ఉంటూ బ్యూరోకు పనిచేసే డబుల్ ఏజెంట్ భావన. పైకి మాత్రం స్లైడ్లు డిజైన్ చేసే కన్సల్టెంట్.

"మరి డ్రోన్ జామర్ సైంటిస్ట్ కేశవరావుగారు? ఆయన ప్రెజెంటేషన్ కూడా ఈరోజే కదా మేడమ్?"

"ఆయన స్లైడ్ల ఫైల్ భావనే చేసింది. క్లీన్ అంటోంది. ఎందుకైనా మంచిది, నువ్వెళ్లు."

ధౌలా కువాన్ దగ్గరి గెస్ట్‌హౌస్. ఈవెంట్ స్టాఫ్ వేషంలో, చేతిలో బొకేతో, చెవి రింగులో మైక్‌తో గోడ పక్కన నిలబడింది భానుశ్రీ. కేశవరావు ల్యాప్‌టాప్ తేలేదు. ఫోన్‌ను టీవీకి కలిపాడు. అంతలో అది మోగింది.

"మా ఆవిడ సుభాషిణి," సిగ్గుపడుతూ కట్ చేశాడు. "డీఎన్‌డీకి కూడా లొంగదు."

బొటనవేలు జరుగుతోంది. స్లైడ్లు మారుతున్నాయి. "కంక్లూజన్" వచ్చింది. ఇక మిగిలింది థాంక్యూ. ఢిల్లీ మీటింగుల ఆనవాయితీ ప్రకారం జనం అప్పుడే లేచి, గ్రూప్ ఫోటో కోసం పోడియం చుట్టూ చేరుతున్నారు.

"ఆయియే భావనా జీ, ఫోటో!" ఆర్గనైజర్ పిలిచాడు.

"నహీ భయ్యా, ఈరోజు నేను బాగోలేను."

పట్టుచీరలో మెరిసిపోతున్న భావన, లిఫ్ట్‌లో కూడా సెల్ఫీ తీసుకునే భావన, తలుపు వైపు నడుస్తోంది.

నోయిడా కబురు అబద్ధం, బాంబు ఇక్కడే అని భానుశ్రీకి అర్థమైంది. అందరినీ పోడియం దగ్గరికి చేర్చేది ఆ ఆఖరి స్లైడే. అరిస్తే కంగారులో ఆయన వేలు జరుగుతుంది. పరుగెత్తుదామంటే మధ్యలో జనం. నాని టీవీలో తన మొహం గుర్తొచ్చింది. రింగు మైక్‌లో చీఫ్‌తో గుసగుసగా అంది.

"మేడమ్, ఇక్కడే! సుభాషిణిగారికి కలపండి, అర్జెంట్!"

చెవిలో కుక్కర్ విజిల్. "ఎవరమ్మా?"

"ఆంటీ, అంకుల్ ప్రాణం మీదికొచ్చింది. ఆయనకు ఫోన్ చేయండి. స్లైడ్ మార్చకుండా ఫోన్ బొకే అమ్మాయికిమ్మనండి."

లైన్ కట్. "థాంక్యూ అండీ," అంటూ కేశవరావు వేలు ఎత్తాడు.

స్లైడ్ మాయమైంది. టీవీ నిండా గరిటె పట్టుకున్న సుభాషిణి ఫోటో. హాలు గొల్లుమంది. కేశవరావు కంగారుగా స్పీకర్ నొక్కాడు.

"మీటింగ్‌లో ఉన్నానే!"

"మీటింగూ లేదు, గీటింగూ లేదు! ఇక ఆ ఫోన్ మీద వేలు పెట్టారో ఊరుకోను. బొకే పట్టుకున్న అమ్మాయికిచ్చేయండి!"

ఆయన వెంటనే ఫోన్ చాచాడు. జనాన్ని తోసుకొచ్చి ఫోన్ అందుకుంది భానుశ్రీ. స్విచాఫ్ చేసింది. రెండో చేత్తో బొకేలోంచి పిస్టల్ లాగింది.

"ఆగు భావనా."

తలుపు దగ్గర భావన ఆగింది. "ఎలా కనిపెట్టావ్?"

"ఫోటో వద్దన్నావ్. కనకయ్యను హంతకులకు పట్టించింది నువ్వేనా?"

భావన తల దించుకుంది. పోడియం కింద బాంబు దొరికింది.

ఇంటికొచ్చి రక్తం మరకల స్వెటర్ బకెట్‌లో నానబెట్టి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది భానుశ్రీ. నాని పక్కన చేరి చేయి పట్టుకున్నాడు. ఆమె ఫోన్‌లో చీఫ్ మెసేజ్ వెలిగింది. లీవ్ మళ్లీ ఓకే.

"రేపు ఏం చేద్దాం భానూ?"

"పొద్దున నిగంబోధ్ ఘాట్ శ్మశానానికి, కనకయ్య కోసం. మధ్యాహ్నం జైపూర్ బండి. నీ ఫోన్ పూర్తిగా ఆపెయ్. మోగాల్సిందాన్ని పక్కనే ఉంటాగా."