తోడల్లుడి సున్నా

"మూడు నెలల్లో ముగ్గురు విదేశీ గూఢచారులు కోర్టు మెట్లు దిగి దర్జాగా వెళ్ళిపోయారు," అన్నాడు చీఫ్. "మూడు కేసులూ మన ప్రాసిక్యూటర్లే వాపసు తీసుకున్నారు. సోమవారం పదకొండింటికి నాలుగో కేసు. ముఠా నాయకుడు, 'కళ్ళజోడు' అంటారు. వాడూ బయటపడితే మధ్యాహ్నం విమానంలో ఉంటాడు. ప్రాసిక్యూషన్ ఆఫీసులో ఎవడో అమ్ముడుపోయాడు. తేల్చు."

ఏజెంట్ నంబర్ తొమ్మిది ఫైలు తెరిచాడు. కళ్ళజోడు కేసు వాదించేది ఎవరో చూడగానే అతని గుండె ఆనందంతో గంతేసింది. సొంత తోడల్లుడు!

"చీఫ్, అతను నా బంధువు..."

"అందుకే నిన్ను పంపుతున్నా. తోడల్లుడి మీద జాలిపడ్డ తోడల్లుణ్ణి నేనింతవరకు చూళ్ళేదు."

నిజమే. ఆ ఆఫీసు హాల్లో పెద్ద తెల్లబోర్డుంది. ఎవరి కేసులు నూటికి ఎన్ని కోర్టు కొట్టేసిందో ప్రతి ప్రాసిక్యూటర్ పేరు పక్కనా రాస్తారు. ప్రమోషన్లన్నీ దాన్ని బట్టే. తోడల్లుడి పేరు పక్కన రెండేళ్ళుగా సున్నా. తొమ్మిది తన ప్రాణాలకు తెగించి పట్టుకొచ్చిన కేసుల్లో మాత్రం నూటికి నలభై ఒకటి కొట్టేశారు. ఈ రెండంకెలూ భార్య భోజనాల దగ్గర వడ్డించని రోజు లేదు. "మా మరిదిని చూసి నేర్చుకోండి" అన్నప్పుడల్లా అతను సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకుంటాడు. తోడల్లుడు వయసులో చిన్నవాడు, పెళ్ళిలో వెనకవాడు, అయినా అన్నిట్లో ముందు. కడుపు మండకేం చేస్తుంది?

విగ్గు, బూడిదరంగు చొక్కా, గుండీలో కెమెరా, మైకు. తొమ్మిది జిరాక్స్ ఆపరేటరుగా ఆ ఆఫీసులో చేరాడు. మొదటిరోజే మెషీన్ దగ్గరికి 'అత్తరు' వచ్చింది. బోర్డు లెక్కలు రాసేది ఆవిడే. చీఫ్ డిపార్ట్‌మెంటుకు రెండేళ్ళుగా ఇన్ఫార్మర్ కూడా. ఆవిడ నడిచొస్తుంటే పెద్ద పెద్ద ప్లీడర్ల చేతుల్లోంచి పెన్నులు జారిపోతాయి.

"ఇంకు అయిపోయిందా?"

"నీలం మాత్రమే ఉంది."

కోడ్ కలిసింది. ఆవిడ గొంతు తగ్గించింది. "మీ తోడల్లుడి సున్నా మీద నాకూ అనుమానమే. అంత శుభ్రంగా ఎవరుంటారు చెప్పండి?"

ఆ మాట తొమ్మిది చెవిలో తేనె పోసినట్టుంది. వెళ్ళిపోయిన ముగ్గురి వాపసు మెమోలూ అతని చేతికొచ్చాయి. మూడింటి మీదా వేరే ప్రాసిక్యూటర్ల సంతకాలు. తోడల్లుడి సంతకం లేదని తెలియగానే వాటిని పక్కన పడేశాడు. నాలుగు రోజులూ ఆ ఒక్క సంతకం ఉన్న కాగితాలనే ఫొటోలు తీశాడు.

సోమవారం. పదీ నలభై. గుమాస్తా ఒక కాగితం తెచ్చి, "అర్జెంటు, రెండు కాపీలు" అన్నాడు. కళ్ళజోడు కేసు వాపసు మెమో. కింద తోడల్లుడి సంతకం!

'దొరికావు!' అనుకుంటూ క్లిక్‌మనిపించాడు. కాగితం తిప్పితే వెనక ఒక చీటీ గుచ్చి ఉంది. ఊదా ఇంకు. 'చూసిన సాక్షి లేడు. కోర్టు కొట్టేస్తుంది, మీ సున్నా పోతుంది. ముందే వాపసు తీసుకుంటే బోర్డు లెక్కలోకి రాదు.'

గుప్పుమని అత్తరు వాసన.

తొమ్మిదికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఆ మూడు మెమోలకూ ఇదే ఊదా చీటీ, ఇదే వాసన. సంతకం కోసం వెతుకుతూ పట్టించుకోలేదు. ఎవడూ అమ్ముడుపోలేదు! నీ అంకె పోతుందని ఒక్కొక్కర్నీ భయపెట్టి అత్తరే కేసులు వదిలించింది. అది కనిపెట్టాల్సిన తనకేమో తోడల్లుణ్ణి ఎరగా వేసింది.

గుండీలోకి "అత్తరుని పట్టుకోండి చీఫ్!" అని అరిచి, మెట్లమీద పరుగెత్తాడు.

పదీ యాభై ఏడు. కోర్టు హాలు గుమ్మం దగ్గర తోడల్లుడు కాపీల కోసం ఎదురుచూస్తున్నాడు. తొమ్మిది విగ్గు పీకేశాడు.

"అన్నయ్యా! నువ్వా?"

"ఈ కేసు వదలకు. ఆ చీటీ రాసింది వాళ్ళ మనిషి."

"కానీ సాక్షి లేడుగా! కొట్టేస్తే నా సున్నా..."

"రహస్యాల ఫిల్ము కళ్ళజోడు చేతిలోంచి లాక్కున్నది నేనే."

"మరి బోనెక్కి చెప్తావా?"

తొమ్మిది హాల్లోకి తొంగిచూశాడు. సొంత ముఖంతో బోనెక్కిన ఏజెంటు ఇక ఏజెంటు కాదు. పన్నెండేళ్ళుగా అందుకే ఎక్కలేదు. సాక్షి లేకే అతని కేసులు నూటికి నలభై ఒకటి పోయాయి. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, తోడల్లుడు చేజేతులా కళ్ళజోణ్ణి వదిలేస్తాడు, పరువు గంగలో కలుస్తుంది. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందో అతనికే సిగ్గేసింది. లోపల కళ్ళజోడు వాచీ చూసుకుని చిన్నగా నవ్వాడు.

"పద," అన్నాడు తొమ్మిది.

కేసు నిలిచింది. కళ్ళజోడు జైలుకెళ్ళాడు. అత్తరు లిఫ్టు దగ్గర దొరికింది, లిప్‌స్టిక్‌లో ట్రాన్స్‌మిటర్‌తో సహా. విలేఖరులు తోడల్లుడి చుట్టూ మూగారు. ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య మురిసిపోయింది. "చూశారా, మా మరిది సున్నా నిలబెట్టుకున్నాడు!"

"నీకిక బయటి పని లేదు," అన్నాడు చీఫ్ మర్నాడు. "అత్తరు కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చో."

తొమ్మిది ఆ పూటే బోర్డు మీద కొత్త గడి గీసి, 'వాపసు తీసుకున్న కేసులు' అని పైన పేరు పెట్టాడు. రికార్డులన్నీ తిరగేసి తోడల్లుడి వరసలో పదకొండు అని రాశాడు. అందరి అంకెలకన్నా అది కొంచెం పెద్దగా పడింది.