మైకు తాతయ్య చెప్పిన అర్థం

ఆదివారం పొద్దున టిఫిన్లు కాగానే మైకు తాతయ్య టీవీ ముందు పెద్ద కుర్చీ ఆక్రమించాడు. వయసులో ఉన్నప్పుడు సినిమా హాల్లో, హిందీ రాని జనానికి మైకులో మాటల అర్థం చెప్పింది ఆయనే. తన గొంతు వినడానికి తెరమీది హీరో కూడా నోరు మూసుకునేవాడని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

ఆనాటి ప్రేమకథే ఇవాళ టీవీలో, కింద తెలుగు అక్షరాలతో వస్తోంది. హీరో సైకిలు అడ్డంపెట్టి హీరోయిన్ చెయ్యి పట్టుకున్నాడు.

“చూడవే, ‘రేపూ ఇదే వేళకి రా’ అంటోంది!” అన్నాడు తాతయ్య.

కంటి ఆసుపత్రిలో పనిచేసే మనవరాలు కింది అక్షరాలు పైకి చదివింది. “‘నాకు భయంగా ఉంది, నా వెంట రావద్దు.’ ఇదీ తాతయ్యా, ఆవిడన్నది.”

“అంత చప్పగా చెబితే జనం కుర్చీలు విరగ్గొట్టేవాళ్లే. కాస్త తాలింపు వేశాను.”

“నా మాటకీ వేశావుగా! పెళ్లి చేసుకోమని వెంటపడుతున్న ఆ ఇన్సూరెన్సతనికి మూడుసార్లు వద్దని చెప్పాను. అతనికి నా బస్సు టైము చెప్పింది నువ్వేనట. నిన్న నా బ్యాగు పట్టుకుని వదల్లేదు. ఇప్పుడే ఫోన్ చేసి రావద్దని చెప్పు. లేదంటే నేను హాస్టలుకి పోతా.”

“పిచ్చిదానా, మీ నానమ్మ నన్ను ఏడుసార్లు వద్దంది! ఈ సినిమా చూశాకే దారికొచ్చింది. కావాలంటే అడుగు.”

బట్టలు మడతపెడుతున్న నానమ్మ తల ఎత్తలేదు. “హీరోయిన్ రమ్మంటోందని మైకులో చెప్పింది మీరేగా? ఆడవాళ్లందరూ అంతే కాబోలు, నాలోనే ఏదో లోపం ఉందనుకున్నా. మీరు వీధి చివర నిలబడతారని కుట్టుక్లాసు మానేశాను.”

తాతయ్య నవ్వబోయాడు. తోడుగా ఎవరూ నవ్వలేదు.

“అయితే... నేనంటే ఇష్టం లేకుండానే చేసుకున్నావా?”

“ఇష్టమో, భయమో తేల్చుకునేలోపే మీ అబ్బాయి పుట్టాడు. ఇన్నేళ్లకి ఇవాళ అడుగుతున్నారు.”

తాతయ్య ఫోన్ తీసి ఇన్సూరెన్సతనికి చేసి, పిల్ల వెంట పడవద్దన్నాడు. అవతలినుంచి నవ్వు గదంతా వినిపించింది. “మొదట్లో అలాగే అంటారని మీరే చెప్పారుగా తాతగారూ!”

“అబద్ధం చెప్పాను,” అన్నాడు తాతయ్య. “ఇంకోసారి ఆ బస్టాపులో కనిపించావంటే నేనే పోలీసుల్ని తీసుకొస్తా.”

ఫోన్ పెట్టేసి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. మనవరాలు లేవబోతే నానమ్మ చేత్తో ఆపింది.

“ఏడవకండి. మీరేడిస్తే జాలేసి నేను మళ్లీ నోరు మూసుకుంటాను. ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది.”

ఆయన కళ్లు తుడుచుకుని, ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాడు.

“చెప్పు,” అన్నాడు.