అంచు దాకా నీళ్లు

శవం బరువు మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. పొడవు రెండడుగుల పైనే.

ఎస్సై మహిపాల్ నీలం డ్రమ్ములోకి వంగి చూశాడు.

"ఇది కొర్రమీను," అన్నాడు.

"మర్డర్ ఎస్సై గారూ," అన్నాడు జనార్ధనరావు. ఎస్సై చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆయన అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది.

2007 జూలై. ఆదివారం. ఉదయం పది గంటల ఐదు నిమిషాలు. నాచారం వెనక ఎర్రకుంట గట్టు.

పై ఆఫీసరు ఫోన్ చేసి "మనవాళ్ల క్లబ్బులో విషప్రయోగమట, నువ్వే వెళ్లు" అంటే మహిపాల్ ఇడ్లీ ప్లేటు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. తీరా చూస్తే చేప. కుంట నిండా కాలనీల మురుగు. ఒడ్డున బురుజులా పేరుకున్న నురగ, దాని మీద ఖాళీ పాల ప్యాకెట్లు. ఈ కంపులో సరదాగా గాలం వేసే మనుషులుంటారా! అంతలో ఒక కొర్రమీను నీటి పైకి మూతి పెట్టి, గుటక వేసి, మళ్లీ మునిగింది.

జనార్ధనరావు క్లబ్ సెక్రటరీ. పోటీ సంగతి ఆయనే చెప్పాడు. ఇది ఫ్లై ఫిషింగ్. వానపాము లాంటి ఎర వాడకూడదు. ఈకలు, వెంట్రుకలు చుట్టిన ఉత్తుత్తి పురుగుతోనే పట్టాలి. పట్టగానే తూచి, డ్రమ్ములో ప్రాణంతో ఉంచి, పది గంటలకు కుంటలో వదిలేయాలి. చచ్చిన చేప లెక్కలోకి రాదు. గెలిచినవారికి జాతీయ పోటీకి వెళ్లే ఒకే ఒక్క సీటు.

"చచ్చింది ఎవరి చేప?"

"నాది సార్." పద్మశ్రీ ముందుకొచ్చింది. బోడుప్పల్ అమ్మాయి. నాచారంలో ఒక కంపెనీ ల్యాబులో ఉద్యోగం. "ఏడు పదికి పట్టిన. డ్రమ్ముల ఏసి అవతలి ఒడ్డుకు పోయిన. తొమ్మిది నలభైకి వచ్చి సూస్తే సచ్చిపోయి ఉంది."

"దాని తర్వాత పెద్దది?"

"నాదే," జనార్ధనరావు నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. "రెండు కిలోల వంద. ఇలా గెలవడం నాకూ బాధే. వాచ్‌మన్ కొమురెల్లి నీళ్లలో బ్లీచింగ్ కలిపాడు. మేం ఇక్కడ చేపలు పడితే వాడికి కడుపుమంట. పంపు రూములో వేసి గొళ్లెం పెట్టించాను. ఎఫ్ఐఆర్ రాయండి. మత్స్య సొసైటీ వాళ్లు రేపే కొత్త మనిషిని పెడతారట."

మహిపాల్ గొళ్లెం తీయించాడు.

లోపల అరవై దాటిన మనిషి. చెంప మీద అయిదు వేళ్ల అచ్చు.

"ఎవరు కొట్టిన్రు?"

కొమురెల్లి బయట నిలబడ్డ సెక్రటరీ వైపు ఒకసారి చూశాడు. "ఇరవై రెండేండ్ల సంది గీ కుంట కావలి నాదే సారు. ఇసం కలిపినోడని పేరు వడితే నా పెండ్లాం కిష్టమ్మకు మొకం ఎట్ల సూపియ్యాలె?"

"పొద్దున ఏం జేసినవ్?"

"డ్రమ్ములల్ల నీల్లు వోసిన. ఏడు నలబైకి సెక్రటరీ సారు చాయ్ తెమ్మని తోలిండు. వచ్చినంక డ్రమ్ముల కాడికి రావొద్దన్నడు. గట్టు మీద బండ్లు సూస్కుంట కూసున్న."

"ఎన్ని నీళ్లు పోసినవ్?"

"సగం సారు. ఎప్పుడైనా గంతే."

మహిపాల్ మళ్లీ డ్రమ్ము దగ్గరికి వెళ్లాడు.

నీళ్లు అంచు దాకా ఉన్నాయి. మూతికి కట్టిన ప్లాస్టిక్ వల మధ్యలో ఒక ఇటుక. అది జారకుండా ఆకుపచ్చ దారంతో వలకు కట్టేశారు. ఇటుక బరువుకి వల నాలుగు వేళ్ల లోతున నీళ్లలో మునిగి ఉంది.

కొంచెం నీళ్లు తీసి ముక్కు దగ్గర పెట్టి చూశాడు. బ్లీచింగ్ వాసన లేదు. వల తీయించి, జిగురు కారుతున్న చేపను పైకెత్తాడు. మూతి మీద చర్మం పూర్తిగా ఊడి తెల్లటి కండ బయటపడింది. వల కన్నాల్లో పొలుసులు.

"మూతి ఎందుకు చీరుకుపోయింది?"

"గాలం తగిలి ఉంటుంది," అన్నాడు జనార్ధనరావు.

"నా గాలం కింది దవడకు వడ్డది సార్," అంది పద్మశ్రీ.

"డ్రమ్ము ఇంత నిండుగా ఎందుకుంది?"

"చేప కదండీ! ఎన్ని నీళ్లుంటే దానికంత సుఖం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మహిపాల్ కూడా నవ్వాడు.

"పక్క డ్రమ్ములో ఉన్నది మీ చేపేనా?"

"అవును."

"పాపం, దానికి సగమే ఉన్నాయి నీళ్లు. రంజిత్, నాలుగు బకెట్లు పొయ్యి. అంచు దాకా. ఈ ఇటుక విప్పి దాని వల మీద పెట్టు."

కానిస్టేబుల్ రంజిత్ ఒక బకెట్ పోశాడు. రెండు. జనార్ధనరావు నవ్వు ఆగింది.

మూడు.

"టైమైంది ఎస్సై గారూ, దాన్ని వదిలేద్దాం."

"ఒక గంట ఆగుదాం. సుఖపడనివ్వండి."

నాలుగో బకెట్ పడింది. ఇటుకతో వల మునిగింది. చేప పైకొచ్చి వలకి మూతి కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. మళ్లీ.

"తీయండి! ఊపిరాడక చస్తుంది!" జనార్ధనరావు మోచేతి దాకా డ్రమ్ములోకి చెయ్యి పెట్టి ఇటుకను లాగేశాడు.

గట్టు మీద వాళ్లంతా ఆయన చేతిలోని ఇటుక వైపు చూశారు.

"ఊపిరాడక," అన్నాడు మహిపాల్. "ఆ సంగతి మీకు తెలుసన్నమాట. రామంతాపూర్‌లో చేపలమ్మే ఆడవాళ్లు కొర్రమీను టబ్బులో వీపు మునిగేంత నీళ్లే పోస్తారు. మాటిమాటికీ పైకొచ్చి గాలి పీల్చకపోతే అది నీళ్లలోనే చస్తుంది. ఈ మురుగులో బతుకుతున్నది కూడా ఆ గాలితోనే. మీరంతా నీళ్ల వాసన చూశారు కానీ చేప మూతి చూడలేదు."

మహిపాల్ జనార్ధనరావు గాలం కర్రను అందుకుని రీలు తిప్పాడు. అదే ఆకుపచ్చ దారం.

"కొమురెల్లిని చాయ్‌కి పంపారు. డ్రమ్ము నింపి ఇటుక కట్టారు. మూతి పచ్చిపుండయ్యేదాకా అది వలకి కొట్టుకుంటుంటే, మీరు పక్కన నిలబడి ఆయన తెచ్చిన చాయ్ తాగారు. తర్వాత ఆయన్నే కొట్టించారు. పదకొండేళ్ల సర్వీసులో కుళ్లిన శవాలు చాలా చూశాను. ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు."

జనార్ధనరావు గొంతు తగ్గించాడు. "ఒక్క చేప కోసం ఇంత గొడవెందుకండీ? మార్కెట్లో రోజూ చంపేదే కదా."

"నేను రాసేది చేప కేసు కాదు. మనిషిని కొట్టి గదిలో పెట్టిన కేసు. జీపెక్కండి."

క్లబ్బువాళ్లు సీటు పద్మశ్రీకే అన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "సచ్చిన చేప లెక్కకు రాదు. రూల్ రూలే. వచ్చే ఏడు మళ్ల పడత."

మహిపాల్ సొసైటీకి ఫోన్ చేసి కొత్త కాపలా మనిషి అక్కర్లేదని చెప్పాడు. కొమురెల్లి, పద్మశ్రీ కలిసి రెండో డ్రమ్మును నీటి అంచుకు మోసుకెళ్లి వంచారు. చేప నురగ కిందికి జారిపోయింది.

"మేం రోజు సంపుతం సారు," అన్నాడు కొమురెల్లి జనార్ధనరావు వైపు చూడకుండా. "తలకాయ మీద ఒక్క దెబ్బ ఏస్తం. గిట్ల ఊపిరి ఆపి సంపం."

మహిపాల్ పంపు దగ్గరికి వెళ్లాడు. చేపను పట్టుకున్న ఎడమచెయ్యి ఒకసారి కడిగాడు. జనార్ధనరావు పట్టుకుని ఊపిన కుడిచెయ్యి మూడుసార్లు కడిగాడు.