పొద్దున నొక్కే కీ

ఫొటో స్టూడియోలో కంప్యూటర్ చచ్చిపోయింది.

ఉదయం తొమ్మిదిన్నర. తెర నల్లగా ఉంది. బల్ల కింద సీపీయూ డబ్బాలోంచి టక్, టక్‌మని చప్పుడు. అందులో ఒక పెళ్లి ఫొటోలు మొత్తం ఉన్నాయి. వేరే కాపీ లేదు.

"నిన్న సాయంత్రం పెన్‌డ్రైవ్ పెట్టింది నువ్వే కదూ?" యజమాని ఎడిటింగ్ అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు.

"రెండు పాటలే సార్."

"ఆ రెండే మా కొంప ముంచాయి. వైరస్ ఎక్కించావు. బ్యాగ్ సర్దుకో!"

యజమాని భార్య ఫ్రేముల అద్దాలు తుడుస్తోంది. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచింది.

యజమాని అక్క సైబర్ క్రైమ్‌లో ఎస్సై. కబురు అందగానే యూనిఫాంలోనే వచ్చింది.

"దొంగ ఇదిగో అక్కా. పట్టుకుపో."

"ముందు దొంగతనం జరిగిందో లేదో చూడనీరా." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇది ఆన్ కావడానికి ఎంతసేపు పడుతుందమ్మా?"

"తెలీదు మేడమ్. నేనొచ్చేసరికే ఆన్ అయి ఉంటుంది."

"ఎవరు చేస్తారు?"

"నేనే వదినా." యజమాని భార్య గుడ్డ పక్కన పెట్టి బల్ల దగ్గరికి వచ్చింది. "రెండు నెలలుగా మరీ నత్తనడక. అరగంట పడుతోంది. ఈ పిల్ల వచ్చి గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం ఎందుకని, పొద్దున్నే పైన ఇంట్లోంచి కిందికి దిగి ఆన్ చేసి వెళ్తాను."

ఎస్సై కంప్యూటర్ ఆపి, మళ్లీ ఆన్ చేసింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు, రెండు వరసలు.

అమ్మాయి ముందుకు వంగి చదివింది. "హార్డ్ డిస్క్ పాడవుతోందట. వెంటనే కాపీ తీసుకోమంటోంది. ఇదేంటి మేడమ్? నేనెప్పుడూ చూళ్లేదే!"

ఆ మాట పూర్తవకముందే ఒక చెయ్యి కీబోర్డు మీదికి వచ్చింది. తడుముకోకుండా పై వరసలో ఒక కీ నొక్కింది. అక్షరాలు మాయమయ్యాయి.

యజమాని భార్య తన వేలిని తనే చూసుకుంది.

"వైరసూ లేదు, పాడూ లేదు," అంది ఎస్సై, ఆమె వైపు చూడకుండా. "డిస్క్ చదవలేక చదవలేక నెమ్మదించింది. రోజూ పొద్దున్నే మొత్తుకుంది. చదవగలిగిన మనిషి వచ్చేలోపు ఎవరో దాని నోరు నొక్కేశారు."

"నాకు చెప్పొద్దూ?" యజమాని తన భార్య మీదికి లేచాడు.

"ఇంగ్లీషులో ఏదో వస్తోందని మొదటి రోజే చెప్పాను. ఏదో ఒకటి నొక్కు, పోతుంది అన్నారు." ఆమె అమ్మాయి వైపు తిరిగింది. "ఈ పొద్దున టక్‌టక్ వినగానే నాకు తెలిసిపోయింది, నా చేతుల్లోనే పోయిందని. ఆయన నిన్ను తిడుతుంటే... అమ్మయ్య అనుకున్నాను."

డబ్బాలో చప్పుడు ఆగలేదు.

"ఆ బ్యాగ్ ఇలా ఇవ్వమ్మా. లోపల పెడతాను," అంది యజమాని భార్య.

అమ్మాయి ఇవ్వలేదు. భుజానికి తగిలించుకుంది.

"నాకోసం ఆన్ చేసి పెడతారని మా ఇంట్లో రోజూ మీ గురించే చెప్పేదాన్ని అక్కా," అంది, తలుపు తీస్తూ.