చిట్టెలుక చేయని కొరుకుడు

"పొద్దున్నే పాపకి ఏం పెడతారు?"

"టీ, రంగు బిస్కెట్లు నాలుగు."

"మళ్లీ ఎప్పుడు తింటుంది?"

"ఒంటిగంటకి."

"మరి పదకొండింటికి పక్కపిల్లల్ని కొరకదా?"

మా పరిచయం ఇలా మొదలైంది. ఆవిడ డైటీషియన్. నేను వాషింగ్ మెషీన్ల మెకానిక్‌ని. మా మధ్య కుర్చీలో కాళ్లాడిస్తూ కూర్చున్నది ఏడేళ్ల మా అక్క కూతురు. అక్క మూడు నెలల ట్రైనింగ్‌కి వెళ్తూ దాన్ని నాకప్పగించింది. అది క్లాసులో ముగ్గురిని కొరికి చిట్టెలుక అని పేరు తెచ్చుకుంది. నెలరోజుల్లో మార్పొచ్చిందని డైటీషియన్ రాసిస్తేనే ఉంచుకుంటామని స్కూలువాళ్లు తేల్చేశారు.

ఆవిడ నాకో నోటుబుక్కు ఇచ్చింది. పాప తిన్నది ఒకవైపు, చేసింది ఇంకోవైపు రాసి ప్రతి గురువారం చూపించాలి.

"ఉన్నదున్నట్టు రాయండి. తిట్టన్లెండి," అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక నేను బయటికెళ్లే తలుపనుకుని బీరువా తలుపు తీశాను.

పొద్దున్నే ఉడకబెట్టిన గుడ్డు, పదిన్నరకి అరటిపండు. రెండు వారాల్లో చిట్టెలుక కుదురుకుంది. సంతోషించాల్సింది పోయి నాకు దిగులు పట్టుకుంది. ఇది బాగుపడితే నా గురువారాలేం కావాలి?

అందుకని ఒక చిన్న కొరుకుడు రాశాను. మర్నాడు ఇంకోటి.

పాపం, ఆవిడ అయోమయంలో పడింది. గుడ్డు ఆపమంది. పాలు ఆపమంది. గుడ్డు మళ్లీ పెట్టమంది. పెన్నుతో కణత మీద కొట్టుకుంటూ ఆలోచిస్తుంటే ఎంత బావుందో! నా బుర్ర కూడా పనిచేయడం మానేసింది. ఒకరింట్లో మెషీన్ బాగుచేసి, పైపు తగిలించకుండానే వచ్చేశాను.

నాలుగో గురువారం బయట వాన. ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"స్కూల్లో బాగానే ఉందంటున్నారు. ఇంట్లో కొరుకుతోందని మీరు రాశారు. నాకేం అర్థం కావట్లేదండీ. మార్పు లేదని రాసి పెద్ద డాక్టరు దగ్గరికి పంపేస్తాను."

ఈలోగా చిట్టెలుక నోటుబుక్కు లాక్కుని కూడబలుక్కుంటూ చదివింది. "మంగళవారం... మావయ్య చెయ్యి... కొరికింది." నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను కొరికానా మావయ్యా? నాకు గుర్తే లేదు."

దాన్ని దగ్గరికి తీసుకున్నాను.

"లేదు తల్లీ. నువ్వు కొరకలేదు. నేనే అబద్ధం రాశాను."

"ఎందుకు?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"నయమైపోతే మేడమ్ ఇంక రావద్దంటారని."

ఆవిడ పెన్ను బల్ల మీద పడేసింది.

"పసిపిల్ల మీద నింద వేస్తారా? ముందు దానికి సారీ చెప్పండి!"

చెప్పాను. ఆవిడ స్కూలుకి మంచి నోట్ రాసి చిట్టెలుక చేతికిచ్చింది. నా ముందుకి మాత్రం కొత్త నోటుబుక్కు ఒకటి విసిరింది.

"వారంరోజులు మీరు తిన్నదీ చేసిందీ రాయండి. ఒక్క ముక్క అబద్ధమున్నా మళ్లీ మీ మొహం చూడను."

ఇది శిక్షో, అవకాశమో నాకు బోధపడలేదు.

మళ్లీ గురువారం నోటుబుక్కు ఇచ్చాను. ఆవిడ పైకే చదివింది.

"సోమవారం. తిన్నది, సగం బ్రెడ్డు. చేసింది, మీ గురించి ఆలోచించాను. మంగళవారం. తిన్నది, ఏమీ లేదు. చేసింది, మీ గురించే..."

అక్కడితో ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదంతా నిజమేనా?" అని చిట్టెలుకని అడిగింది.

"నిజమే. నాకు రెండు జడలు వెయ్యమంటే ఒక్కటే వేసి ఆపేశాడు."

ఆవిడ బ్యాగులోంచి తన టిఫిన్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూత తీసి చూస్తే అందులోది ముట్టుకున్నట్టే లేదు.

"నాకూ వారం నుంచి ఇదే వరస," అంది, నా వైపు చూడకుండా. "రండి, ముందు తిందాం. ఆకలి మీదున్నవాళ్లు ఎప్పుడు కొరుకుతారో చెప్పలేం."